కరణం గారి ఇండెక్సు

మాది చెవిటికల్లు. పేరు వినగానే మా ఆఫీసులో వాళ్ళు ముందొకసారి నవ్వుకుని, ఆ తర్వాత "ఎక్కడండీ అది?" అని అడుగుతారు. విజయవాడలో హైదరాబాదు బస్సెక్కితే కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట అని వరసగా వస్తాయి కదా, ఆ మెట్ట ప్రాంతంలో కంచికచర్ల మండలం. 2021 ఆగస్టులో కృష్ణకి వరదొచ్చి, ఇసుక కోసం నదిలోకి దిగిన లారీలు వందకి పైగా చిక్కుకుపోయాయని టీవీల్లో చూపించారే, ఆ ఊరే. మిగతా రోజుల్లో మా ఊరి గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా ఊరి పొలం కాగితాల గురించి. కానీ మొదలు మాత్రం సాఫ్ట్‌వేర్‌తోనే పెట్టాలి, ఎందుకంటే ఈ రెండూ ఒకటే అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

2006లో మా టీమ్ ఒక జావా అప్లికేషన్‌ని హైబర్నేట్ 2 నుంచి 3కి మార్చింది. అప్పట్లో స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అంటే పెళ్ళి సంబంధాల్లో కూడా చెప్పుకునేవాళ్ళం. మార్పు పెద్ద కష్టమేమీ కాదనుకున్నాం. ప్యాకేజీ పేరు నెట్-ఎస్ఎఫ్-హైబర్నేట్ అని ఉన్నదాన్ని ఆర్గ్-హైబర్నేట్ అని మార్చి కంపైల్ కొట్టాం, అయిపోయింది. తీరా స్క్రీన్లు తెరిస్తే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్లు. హడావుడిగా ఓపెన్ సెషన్ ఇన్ వ్యూ ఫిల్టర్ తగిలించాం. ఎక్సెప్షన్లు మాయమయ్యాయి, మేనేజరు సంతోషించాడు, ప్రొడక్షన్‌కి పంపేశాం.

సోమవారం పొద్దున్నే ఫోన్లు. రెండు సెకన్లలో వచ్చే ఆర్డర్ల పేజీ నిమిషం దాటినా రావట్లేదట. డీబీఏ మీద మేం, మా మీద డీబీఏ, నెట్‌వర్క్ వాళ్ళ మీద అందరం పడ్డాం. డేటా అదే, టేబుళ్ళు అవే, ఇండెక్సులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూస్తే విషయం బయటపడింది. పాత వెర్షన్‌లో ఒక్క జాయిన్‌తో వచ్చే మూడొందల ఆర్డర్లకి ఇప్పుడు మూడొందల ఒక్క క్వెరీలు వెళ్తున్నాయి. ఆర్డర్ల లిస్టుకి ఒకటి, ఒక్కో ఆర్డరు కస్టమరు కోసం ఒక్కోటి. హైబర్నేట్ 3లో అన్ని క్లాసులూ, కలెక్షన్లూ డిఫాల్ట్‌గా లేజీ. మైగ్రేషన్ గైడులో రాసే ఉంది. మేం చదవలేదు, అంతే.

మా డీబీఏ గారు అప్పట్లో ఆరకిల్ 9ఐ నుంచి 10జీకి మారిన వేరే ప్రాజెక్టు కథ చెప్పి ఓదార్చారు. 10జీలో రూల్ బేస్డ్ ఆప్టిమైజర్‌కి సపోర్టు తీసేశారు. "ముందు ఈ ఇండెక్సు చూడు, తర్వాత అది" అని కట్టిన పాత క్వెరీలన్నీ కాస్ట్ బేస్డ్ ఆప్టిమైజర్ చేతిలోకి వెళ్ళాయి. దానికి స్టాటిస్టిక్స్ కావాలి. అవి తీయకుండా వదిలేసిన చోట క్వెరీలు దారితప్పాయి. ఖర్చు లెక్కేసి దారి ఎంచుకోవడం అనే ఆలోచన 1979లో ఐబీఎంలో ప్యాట్రిషియా సెలింగర్ బృందం రాసిన పేపరుతో గట్టిపడింది. సమాచారం ఎక్కడుందో తెలియడం ఒక ఎత్తు, ఏ పుస్తకం ముందు తెరవాలో తెలియడం ఇంకో ఎత్తు. ఈ రెండోదే మా ఊళ్ళో కరణం ఉద్యోగం.

కరణాన్ని మనం సినిమాల్లో చూసి విలన్ అనుకుంటాం. సుమతీ శతకంలోనే కరణాల మీద పద్యాలున్నాయంటే వాళ్ళ పేరు ఎప్పటినుంచి అలా ఉందో అర్థం చేసుకోవచ్చు. కానీ వాళ్ళు పెట్టిన లెక్కల్ని ఒక డేటాబేసు మనిషి కళ్ళతో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఊరి లెక్కల్లో అడంగల్ ఉంది చూశారూ, అది సర్వే నంబరు వరసలో ఉంటుంది. 112లో 2ఏ ఎవరిది, విస్తీర్ణం ఎంత, శిస్తు ఎంత, ఏం పంట వేశారు, నీళ్ళెక్కణ్ణుంచి, అన్నీ ఒక వరసలో. పట్టాదారు పేరు ఒక గడి, అనుభవదారు పేరు ఇంకో గడి (ఈ రెండు గడుల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనుంది). మరి "ఫలానా ఆయనకి ఊళ్ళో మొత్తం ఎంతుంది?" అని అడిగితే అడంగల్ మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాలి. మన భాషలో ఫుల్ టేబుల్ స్కాన్. అందుకే పట్టా నంబరు వారీగా ఇంకో లెక్క, టెన్-వన్ అంటారు. ఒకే డేటాకి రెండు ఇండెక్సులు. వీటి వెనక సెటిల్‌మెంటు నాటి మూల రిజిస్టరు ఆర్ఎస్ఆర్ ఉంది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అనే పేరు కూడా పడింది. పొలం ఆకారానికి, కొలతలకి ఎఫ్ఎంబీ. కాడ్ గారు రిలేషనల్ మోడల్ మీద పేపరు రాసింది 1970లో. మన రెవెన్యూ వాళ్ళకి ఆ పేపరు చేరలేదు గానీ, సర్వే నంబరు అనే కీతో నాలుగు పుస్తకాల్ని కలిపి చదవడం వాళ్ళకి అంతకు చాలా ముందునుంచే వచ్చు.

రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళది ఇంకా స్పష్టం. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఇండెక్సు అనే మాట ఉంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది ఒకటో పుస్తకంలో. దానికి ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తి వివరాలతో. రాసిచ్చినవాళ్ళు, రాయించుకున్నవాళ్ళు, ఇద్దరి పేర్లూ ఒకటో ఇండెక్సులోకి వెళ్ళాలి. క్రియేట్ ఇండెక్స్ అనే కమాండుని పార్లమెంటులాంటి చోట చట్టంగా చేసిపెట్టారన్నమాట.

ఇంతకీ కరణానికి ఈ పని ఎవరిచ్చారు? వృత్తి చాలా పాతదే గానీ, కంపెనీ వాళ్ళు దానికి చట్టం కట్టింది 1802లో. ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు ఒప్పందం తెచ్చింది 25వ రెగ్యులేషను. కరణాల గురించి తెచ్చింది 29వది. జమీందారుకి శిస్తు వసూలు అప్పగిస్తున్నాం సరే, రేపు తగాదా వస్తే కోర్టుకి నమ్మకమైన లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని కరణం. వంశపారంపర్యంగా వచ్చే పని. అంటే లెక్క కాగితంలో ఉంటుంది, కాగితం ఉన్న చోటు ఒక కుటుంబానికి తెలుస్తుంది.

మా ప్రాంతానికి ఆ జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. చింతపల్లి నుంచి అమరావతికి మారింది ఆయనే. బేతవోలు దగ్గర పేట కట్టించి తండ్రి పేరు పెడితే అది జగ్గయ్యపేట అయింది. 1816లో ఆయన పోయాడు. ఆ తర్వాత ఆయన ఇద్దరు దత్తపుత్రుల వ్యవహారం ముప్పై ఏళ్ళు కోర్టుల్లో నలిగింది. లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1846లో తేలింది: ఒక దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదు అని. హిందూ లా చదివేవాళ్ళకి అది రంగమ్మ, అచ్చమ్మల కేసు. "వారసుడెవరు?" అనే ఒక్క ప్రశ్నకి ముప్పై ఏళ్ళు. మా ఆర్డర్ల పేజీ నిమిషమే కదా అనిపిస్తుంది :)

ఆ రోజుల్లోనే నదికి అవతల ఇంకొకటి జరిగింది. గుంటూరు జిల్లాలో శిస్తు బకాయిలు ఎందుకు పేరుకుపోతున్నాయో చూసి రమ్మని వాల్టర్ ఇలియట్‌ని పంపారు. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపించిన ఇలియట్ ఈయనే. ఆ శిల్పాలు చాలావరకు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శిల్పాలైతే దొరికాయి గానీ లెక్కలు అంత సులువుగా దొరకలేదు ఆయనకి. రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో గుంటూరు జిల్లా మీద ఒక పుస్తకం వేశాడు, 1788 నుంచి 1848 దాకా. మొత్తం పుస్తకం సారాంశం ఏమిటంటే, కలెక్టరు దొర పైన కూర్చున్నాడు, సమాచారం కింద ఊళ్ళోనూ కచేరీలోనూ స్థానిక ఉద్యోగుల చేతిలో ఉంది, వాళ్ళు ఏది చెప్పాలనుకుంటే అదే పైకి వెళ్ళింది. మధ్యలో 1832-33 డొక్కల కరువు వచ్చి జిల్లా సగం ఖాళీ అయినంత పనయింది, ఆ లెక్కలు ఇంకా గజిబిజి.

అందుకని కరణం గారి కాలమే బంగారం అని నేను అనను. క్వెరీ వేగంగా నడిచేది నిజమే, కానీ ఎవరికి? అరుగు మీద కూర్చుని ఆయన నోట్లోంచి జవాబు అరక్షణంలో వచ్చేది, కావలసినవాడికి. కానివాడికి "రేపు రా". పెర్మిషన్లు అన్నీ ఒక్క యూజర్ అకౌంటులో ఉన్న డేటాబేసు అది. దళితుల పొలం, విధవరాళ్ళ పొలం మీద ఆ అకౌంటు ఎలా వాడారో మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. మునసబు, కరణం ఒక్క రోజులో మాజీలయ్యారు. తమిళనాడులో ఎమ్జీఆర్ ఈ పని 1980లోనే చేశాడు. ఇక్కడ కరణాలు సుప్రీం కోర్టుదాకా వెళ్ళారు, 1985లో కోర్టు రద్దు చెల్లుతుందంది. ఆ ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నందిగామ తాలూకా కచేరీలో ఉండాల్సిన పుస్తకాలు ఒక్కో మండలానికి పంచుకోవలసి వచ్చింది.

రెండేళ్ళలో రెండు అప్‌గ్రేడులు. రాజకీయంగా రద్దు సరైందే అని నా అభిప్రాయం. వంశపారంపర్యంగా ఒక ఇంటి చేతిలో ఊరి భూమి లెక్క ఉండటం ఏ రకంగానూ సమర్థించలేం. కానీ మైగ్రేషన్ గైడు ఎవరూ రాయలేదు. పుస్తకాలు స్వాధీనం చేసుకున్నారు, చాలాచోట్ల అవి కూడా సగం సగమే వచ్చాయి. కొత్తగా వచ్చిన గ్రామ సహాయకులకి, తర్వాతి వీఏవోలకి, వీఆర్వోలకి అడంగల్ రాయడం నేర్పారు. ఈ పొలం కాగితంలో ఒకరి పేరు, దున్నేది ఇంకొకరు ఎందుకో, ఏ పంపకం నోటిమాట మీద జరిగిందో, ఏది పసుపు కుంకుమ కింద కూతురికిచ్చారో, అది ఏ పుస్తకంలోనూ గడి లేని సమాచారం. డేటా అక్కడే ఉంది, క్వెరీ మాత్రం కదలదు. ఒక్క జాయిన్‌తో వచ్చే జవాబుకి ఇప్పుడు ఒక్కో ముక్క కోసం ఒక్కో ఆఫీసుకి తిరగాలి. 2006లో నేను లాగ్‌లో చూసిన మూడొందల ఒక్క క్వెరీలు ఇవే.

కంప్యూటర్లు వచ్చాయి కదా అంటారా? వచ్చాయి. 1998 నవంబరులో కార్డ్ అనే పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటరీకరించారు. దీని వెనక ఉన్న ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. అప్పటిదాకా ఈసీ కావాలంటే గుమాస్తా రెండో ఇండెక్సు సంపుటాలు ఒక్కో ఏడాదివి దించి తిరగేసేవాడు, రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక నిమిషాలు. మన రాష్ట్రంలో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ అన్నింటిలోకీ నాకు గౌరవం ఉన్నది దీనిమీదే, ఎందుకంటే వాళ్ళు కొత్తది కనిపెట్టకుండా 1908 నాటి ఇండెక్సునే తీసుకుని దాన్ని వేగంగా నడిపించారు. ఒక్కటే చిక్కు. కంప్యూటర్‌లో ఎక్కించింది 1983 నుంచి. దానికి ముందు దస్తావేజులు పాత సంపుటాల్లోనే.

ఆ చిక్కు మా ఇంటికే వచ్చింది. 2019లో నాన్న పోయారు. చెల్లి భాగం చెల్లికి రాయాలి, దానికి లింకు డాక్యుమెంట్లు కావాలన్నారు. ఊరి పక్క ఎకరం ముప్పై సెంట్లు ఒకటుంది, అది తాత పేరు మీద ఎలా వచ్చిందో చూపించే కాగితం మా దగ్గర లేదు. ఆన్‌లైన్ ఈసీలో 1983 తర్వాత ఏ లావాదేవీ లేదు. సరే, పాత సంపుటాలు వెతికించాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన ఒకటో ఇండెక్సు తీసి, "పేరు, సంవత్సరం చెప్పండి" అన్నాడు. తాత పేరు చెప్పాను, సంవత్సరం తెలియదు, 1970 నుంచి 80 దాకా చూడమన్నాను. పదేళ్ళ పుస్తకాలు, రెండు రోజులు. లేదన్నాడు. మళ్ళీ 60ల నుంచి చూడమంటే ఆయన నా వైపు చూసిన చూపు, క్వెరీకి వేర్ క్లాజు లేకుండా వచ్చిన జూనియర్ వైపు మా డీబీఏ చూసే చూపే.

ఇంటికొచ్చి పెదనాన్నకి చెప్పాను. ఎనభై ఏళ్ళాయన. మంచం మీద నుంచి లేవకుండానే, "మీ తాత పేరు మీద ఎందుకుంటుందిరా? అది మీ నాయనమ్మకి వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క. డెబ్భై నాలుగులో రాయించాడు. దున్నింది మీ తాత, అంతే" అన్నాడు.

అప్పుడు పాత అడంగల్ నకలు మళ్ళీ తీసి చూశాను. పట్టాదారు గడిలో నాయనమ్మ పేరు. అనుభవదారు గడిలో తాత పేరు. చిన్నప్పటినుంచి నాన్నా, నేనూ చూస్తున్నది రెండో గడి! ఇరవై ఏళ్ళు కాలమ్ పేర్లు చదివి బతికినవాణ్ణి, సొంత పొలం కాగితంలో కాలమ్ తప్పు చదివాను. మర్నాడు నాయనమ్మ పేరు, 1974 అని చెప్పగానే ఆ గుమాస్తా గారు పది నిమిషాల్లో దస్తావేజు నంబరు చెప్పాడు. ఆవిడున్న అక్షరం వేరు, తాత ఉన్న అక్షరం వేరు, అంతకంటే రహస్యమేమీ లేదు. వెతికినవాడి తప్పూ కాదు, పుస్తకం తప్పూ కాదు.

ఈ పని అయిన మరుసటి ఏడాదే పెద్ద అప్‌గ్రేడు మొదలైంది, అదీ మా ప్రాంతం నుంచే. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి సమగ్ర భూ సర్వే ప్రారంభించారు. సర్వే ఆఫ్ ఇండియాతో కలిసి డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే బేస్ స్టేషన్లు. బ్రిటిష్ వాళ్ళ సర్వే తర్వాత మళ్ళీ ఇంత పనికి పూనుకోవడం ఇదే. గొలుసుతో కొలిచిన హద్దులకి సెంటీమీటర్ల లెక్క రావడం మంచిదే. కానీ సర్వే పూర్తయిన ఊళ్ళల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్రైమరీ కీ మారింది. దస్తావేజులు పాత కీతో, ఈసీ పాత కీతో, బ్యాంకు తనఖా పాత కీతో, కోర్టు డిక్రీ పాత కీతో ఉన్నాయి. మధ్యలో పాత నంబరునీ కొత్త నంబరునీ కలిపే ఒక పట్టిక. ఇక సబ్ డివిజన్ సరిగ్గా చేయని చోట ఇద్దరు ముగ్గురు రైతుల ముక్కల్ని కలిపి జాయింట్ ఎల్పీఎం అని ఒకే నంబరు ఇచ్చారు. ఒకడు తన ముక్క అమ్ముకోవాలంటే మిగతావాళ్ళతో ముడి. 2024లో ప్రభుత్వం మారాక జరిపిన గ్రామ సభల్లో రైతులు మొర పెట్టుకున్న వాటిలో ఈ జాయింట్ ఎల్పీఎం ఒకటి.

పక్క రాష్ట్రంలో కథ ఇంకో రకం. మా జగ్గయ్యపేట దాటితే కోదాడ, అక్కడ అడంగల్‌ని పహాణీ అంటారు, సెంట్ల బదులు గుంటలు. తెలంగాణ 2020 సెప్టెంబరులో వీఆర్వోల వ్యవస్థ రద్దు చేసి, అక్టోబరు 29న ధరణి మొదలుపెట్టింది. మా దగ్గర 1984లో జరిగినదాన్ని అక్కడ రెండు నెలల్లో మళ్ళీ చేసి చూశారు. పాత యూజర్‌ని తీసేసి, తేడా ఉన్న రికార్డుల్ని పక్కన పెట్టి, సిస్టమ్ లైవ్ చేయడం. పక్కన పెట్టినవాళ్ళు ఏళ్ళపాటు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. ఎవరిని తిట్టాలో మీ ఇష్టం, రాజకీయాల్లోకి నేను పోను. నాకు కనిపించేది మాత్రం ఒకే బగ్గు. కోర్టుకి నమ్మకమైన లెక్క కావాలని 1802లో కరణాన్ని పెట్టినవాళ్ళకీ, ఆయన్ని 1984లో తీసేసినవాళ్ళకీ, ఆ తర్వాతి సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ, మనిషి దగ్గరున్న సమాచారాన్ని గడిలోకి దించే పని చివరి రోజుకి వాయిదా పడుతూనే వచ్చింది.

అన్నట్టు మా జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ నుంచి మేము కృష్ణా జిల్లా కాదు, ఎన్టీఆర్ జిల్లా. కరణాల్ని తీసేసిన ఆయన పేరే ఇప్పుడు మా అడంగల్ పైన.

ఆ దస్తావేజు దొరికాక చెల్లి వాటా రిజిస్ట్రేషను అయిపోయింది. పెదనాన్నకి ఇప్పుడు చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు రెండు రోజులు పక్కన కూర్చుని, మా ఇంటివే కాకుండా చుట్టుపక్కల ఆయనకి తెలిసిన చెక్కలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. సర్వే నంబరు, సబ్ డివిజను, ఎకరాలు, సెంట్లు, పట్టాదారు, దున్నేవారు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారు, కాగితం ఉందా లేక నోటిమాటా. నోటిమాట అన్నవి పధ్నాలుగు తేలాయి. "ఇది రాయకురా, గొడవలవుతాయి" అని మూడు వరసలు తీసేయించాడు. చివరన ఎల్పీఎం నంబరు అని ఇంకో కాలమ్ పెట్టి ఖాళీగా వదిలాను.